సబ్బుకుండలో వానాకాలపు ఉప్పు

ఇప్పటి పిల్లలు ఉప్పు ప్యాకెట్టు చింపి కూరలో కుమ్మరిస్తుంటే నా చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది, ఆపడానికి. కోడళ్ళు నవ్వుతారు. నవ్వనీ. మా గొల్లపల్లిలో ఉప్పు ఎలా బతికిందో వాళ్ళకేం తెలుసు?

బస్తర్ రాజుగారి రాజ్యం నడుస్తున్న రోజులవి. బయట ఎక్కడో పెద్ద యుద్ధం. ఉప్పు గోదావరి మీదుగా, శబరి మీదుగా పడవల్లో కోంటాకు వచ్చేది. అక్కడి నుంచి మా ఊరికి నెత్తి మీద రావాలి. వానలు పడి వాగులు పొంగాయంటే ఆ దారీ మూసుకుపోయేది. అందుకని ఎండలు ముదరకముందే ప్రతి ఇంటివాళ్ళూ చింతపండు, కరక్కాయలు, ఇప్పగింజలు మోసుకుపోయి, వానాకాలానికి సరిపడా ఉప్పు తెచ్చుకునేవాళ్ళు. అడ్డాకుల్లో పొట్లం కట్టి, పొగ తగిలేలా పొయ్యి పైన దూలానికి వేలాడదీసేవాళ్ళు. కూరకు కావాలంటే మూడు వేళ్ళ కొసలతో గిల్లి వేయడమే. ఇంట్లో కోడలి చెయ్యి ఎంత పొదుపో ఆ గిల్లు చూసి చెప్పేవాళ్ళు.

అలాంటి ఉప్పును, వానాకాలానికని దాచిన పొట్లం మొత్తాన్ని, మా మేనత్త సారలమ్మ ఒక పొద్దున మరుగుతున్న కుండలో దోసిళ్ళతో పోసింది. పిచ్చి పట్టి కాదు. నేను పుట్టబోతున్నానని.

సారలమ్మత్త మా ఊరి మంత్రసాని. పొడుగ్గా, కట్టెలా ఉండేది. గొంతు మాత్రం పొలం అవతలి గట్టుకు వినిపించేది. ఆమె చేతుల్లో పడ్డవాళ్ళు ఇప్పుడు సుక్మాలో నౌకరీలు చేస్తున్నారు, బచేలి ఇనుప గనిలో పనిచేసి పింఛను తీసుకుంటున్నవాళ్ళూ ఉన్నారు. ఆమె కాన్పు చేసిన ఇంట్లో ఆ రోజు ఏమీ పుచ్చుకునేది కాదు. పురుటి స్నానం నాడు ఇంటిపెద్ద ఆమె అరచేతిలో ఆకు పరిచి, దాని మీద పిడికెడు ఉప్పు పోయాలి. తల్లీ బిడ్డా ఇద్దరూ బాగుంటేనే ఆ ఉప్పు. ఒకరు లేకపోయినా ఆమె చెయ్యి చాపేది కాదు, వాళ్ళు పోసేవాళ్ళూ కాదు. అది మా ఊరి పద్ధతి.

నేను పుట్టడానికి ముందు చలికాలంలో అత్త పక్కింటి ఆయతు పెద్దకోడలు లక్మే బిడ్డను కన్నది. దోర్ల తెగవాళ్ళు. కాన్పు తేలిగ్గా అయింది. తర్వాత వణుకుతో బాలింత జ్వరం పట్టుకుంది. అత్త రోజూ వెళ్ళి ఒళ్ళు తుడిచింది, పసరు పోసింది, పక్కన కూర్చుంది. లక్మే బతకలేదు. ఆ మధ్యలోనే ఊరి చివరింట్లో ఇంకొకామెకు అత్తే పురుడు పోసింది. ఆమెకూ అదే జ్వరం, ఆమె కూడా పోయింది. అంతే, ఊరు నోరు తెరిచింది. సారలమ్మ హస్తవాసి పోయిందన్నారు. ఆయతు మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. మా అత్త ఇంటి వైపు చూడటం మానేశాడు, అంతే. తిట్టినా బాగుండేదని అత్త అనేది.

అప్పుడు మా అమ్మ రామక్కకు నేను కడుపులో ఉన్నాను. మా నాన్న సీతారాములు ఒకరోజు అక్క ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, రామక్క కాన్పుకు నువ్వు రావద్దు. వాగవతల నుంచి వేరే ఆమెను పిలుస్తున్న."

"ఎందుకు తమ్మీ?"

నాన్న ఆమె చేతుల వైపు చూశాడు. ఆమె కూడా తన చేతులనే చూసుకుంది. మా నాన్నంటే నాకు ప్రాణం, ఎత్తుకుని తిప్పిన మనిషి. అయినా ఆ చూపు గురించి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తల్లి పోతే తనను పెంచిన అక్క అది.

ఇంకొకరైతే మూల కూర్చుని ఏడ్చేవాళ్ళు. మా అత్త కరక్కాయల గంప నెత్తిన పెట్టుకుని కోంటాకు నడిచింది. గంప దించకుండానే దవాఖాన కాంపౌండరు ముందు నిలబడి, రెండు చేతులూ చాపింది.

"అయ్యా, ఈటిల ఏమున్నదో చెప్పు."

ఆయన ఒక ఎర్రటి సబ్బు ముక్కతో చేతులు కడుక్కుంటున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"జ్వరం ఉన్న బాలింతను ముట్టుకుని, ఇంకొక ఆమెకు పురుడు పోసినవా?"

"పోసిన."

"ఆ జ్వరం చేతుల మీద పోతది. గోళ్ళు కత్తిరించు. వేడినీళ్ళతో, సాబున్‌తో మోచేతుల దాకా రుద్దు. అప్పుడు ముట్టు."

అత్త దవాఖాన మెట్ల మీద కూలబడి, జనం చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చింది. లక్మే పక్కన కూర్చోవడమే ఆమె చేసిన తప్పు. వదిలేసి పోని మనిషి చేతులకే ఆ జ్వరం అంటుకుని ఇంకొకరి దాకా పోయింది. ఏడుపు అయ్యాక కళ్ళు తుడుచుకుని మళ్ళీ లోపలికి వెళ్ళి, ఆ సబ్బు ముక్క ఇమ్మని అడిగింది. యుద్ధం వల్ల సరుకు రావటం లేదని, తన దగ్గర ఉన్నది అదే ఆఖరిదని ఆయన అన్నాడు. బజారులో ఏ దుకాణంలోనూ లేదు.

కుంకుడుకాయ లేదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. మంత్రసాని చేతికి ఆముదం ఉంటుంది, నెత్తురు ఉంటుంది. అవి ఎండి గోళ్ళ సందుల్లో పట్టుకుంటే కుంకుడు నురగ చాలదని అత్త చెప్పేది. పైగా కాంపౌండరు సబ్బు అన్నాడు. ఆమె తలలో ఆ మాట దిగబడిపోయింది.

కరక్కాయలు వేసే దుకాణం షావుకారు భార్య రామసుబ్బమ్మ. రాజమండ్రి వైపు పిల్ల, పెళ్ళై పడవలో కోంటాకు వచ్చింది. అత్త గోడు విని తేలిగ్గా అనేసింది.

"సబ్బుకేం భాగ్యమే, కాచుకోవచ్చు. మా నాయనమ్మ ఇంట్లోనే కాచేది. ఉత్తరేణి కాల్చి ఆ బూడిద నీళ్ళు దింపు. సున్నం కలిపి తేర్చు. కోడి ఈక వేస్తే కరిగిపోవాలి, అంత కారంగా ఉండాలి. నూనె పోసి కాచావంటే జావలా అవుద్ది. అప్పుడు ఉప్పెయ్యి. ఉప్పు పడితే సబ్బు గడ్డకట్టి పైకి తేలిపోద్ది."

అత్త తిరిగొచ్చి పనిలో పడింది. బీడులో ఉత్తరేణి కోసి ఎండబెట్టి కాల్చింది. అడుగున చిల్లి ఉన్న కుండలో గడ్డి పరిచి, బూడిద కూరి, నీళ్ళు పోసి చుక్కచుక్కగా దింపింది. వాగులో నత్తగుల్లలు ఏరి సున్నం కాల్చింది. ఇంట్లో ఉన్న ఇప్పనూనె పోసి పొద్దంతా కలిపింది. జావ అయింది. మూడు వేళ్ళతో ఉప్పు వేసింది. అది జావగానే ఉండిపోయింది.

"చిక్కగనే ఉన్నది. ఎవరికి పోస్తవే?" అన్నాడు అప్పయ్య మామ, అత్త మొగుడు. కుక్క వచ్చి వాసన చూసి తోక ముడిచి పోయింది.

మళ్ళీ కాచింది. బూడిద తక్కువైందేమో అనుకుని అరటి డొప్పల బూడిద కూడా కలిపింది. అదీ జావే. సున్నం ఎక్కువ పెట్టింది. వేళ్ళు పొక్కాయి, జావ మాత్రం జావగానే ఉంది. నూనె మార్చింది, కట్టెలు మార్చింది, కలిపే కర్ర మార్చింది, చివరికి కుండ కూడా మార్చింది. ఉప్పు ఒక్కటే మార్చలేదు. ఇంకాస్త వేద్దామన్న ఆలోచన ఆమెకు కలలో కూడా రాలేదు. మా ఊళ్ళో ఎవరికైనా రాదు. ఉప్పు వేయడమంటే మూడు వేళ్ళతో వేయడమే.

ఆ లోగా మబ్బులు కమ్మడం మొదలైంది. మా అమ్మకు నెలలు నిండుతున్నాయి. వానలు పట్టాక కోంటా వెళ్ళడం కుదరదని అత్త ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా బయల్దేరింది. రామసుబ్బమ్మ అంతా విని అడిగింది.

"ఉప్పు ఎంతేశావే?"

అత్త మూడు వేళ్ళ కొసలు కలిపి చూపించింది.

రామసుబ్బమ్మ పగలబడి నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. అత్త మొహం చూసి ఒక్కసారిగా ఆపేసింది.

"నాదే బుద్ధి తక్కువ. మా వైపు ఉప్పు గంపలతో వీధిలో పోస్తారు. ఎంతని చెప్పాలన్న ఊహే రాలేదు. అది కూర కాదే సారలమ్మా. దోసిళ్ళతో పొయ్యాలి. కుండెడు జావకి నీ వానాకాలప్పొట్లం మొత్తం పట్టుద్ది."

"మొత్తమా?"

"మొత్తమే. మా కొట్లో కూడా అడుగంటింది. పడవ వస్తే ఇద్దును."

వంటింట్లోకి పోయి ఒక గుప్పెడు తెచ్చి అత్త కొంగున కట్టింది. ఆ రోజుల్లో కోంటా షావుకారమ్మ గుప్పెడు ఉప్పు ఊరికే ఇచ్చిందంటే మాటలు కాదు.

దారి పొడుగునా అత్త ఆలోచించిందట. ఇంటికి చేరేసరికి ఆలోచన అయిపోయింది. మర్నాడు పొద్దున్నే కుండ పొయ్యి మీద పెట్టి, జావ చిక్కబడ్డాక, దూలం మీది పొట్లం దించింది. మామ పరుగెత్తుకొచ్చాడు.

"ఏందే అది? వానాకాలమంతా చప్పిడి గంజి తాగాల్నా?"

"తాగాలె."

"నేను తాగ."

"తాగకు."

"సబ్బు కాకపోతే?"

"కాకపోతే సబ్బూ పోతది, ఉప్పూ పోతది. నా పేరు ఎట్లనో పోయింది. రామక్క మాత్రం పోవద్దు."

మామ బయటికి వెళ్ళి, ఇంటికి వీపు పెట్టి కూర్చున్నాడు. అత్త పొట్లంలో చెయ్యి పెట్టింది. చెయ్యి బయటికి వచ్చేసరికి మళ్ళీ మూడు వేళ్ళ కొసల్లో నాలుగు కణికలు! తన చేతిని తానే బూతులు తిట్టింది. ఇంకో చేత్తో పొట్లం వంచి దోసిలి నింపింది. ఒక దోసిలి పోసింది. జావ కదలలేదు. ఇంకొకటి పోసింది. అంచుల దగ్గర కొంచెం విరిగినట్టయింది. అప్పుడిక కళ్ళు మూసుకుని పొట్లం బోర్లించి, రామసుబ్బమ్మ ఇచ్చిన గుప్పెడు కూడా విదిలించింది.

పాలు విరిగినట్టు విరిగింది. పసుపురంగు గడ్డలు పైకి లేచాయి, గోధుమరంగు నీళ్ళు కిందికి దిగాయి. అత్త పెట్టిన కేక పొలం అవతలి గట్టుకు కాదు, వాగు దాకా వినిపించి ఉంటుంది. మామ లేచి వచ్చి చూశాడు. సబ్బు సంగతి పక్కన పెట్టి, ఉప్పు ఆ నీళ్ళలోనే ఉంటుంది కదా, మరగబెట్టి తీసుకుందామని వేలు ముంచి నాకాడు. ఆ రోజంతా ఉమ్ముతూనే ఉన్నాడు. నాలుక పొక్కిందని కూర కూడా వద్దన్నాడు. ఎలాగూ అందులో ఉప్పు లేదు.

గడ్డల్ని తీసి నీళ్ళు పిండి, వెదురు బొంగుల్లో కూరి ఆరబెట్టింది. బొంగు చీలిస్తే గట్టి సబ్బు వచ్చింది. గుండ్రంగా కోసి ఒక బిళ్ళ పట్టుకుని మా ఇంటి దడి దగ్గరికి పోయింది. అమ్మ దడి ఇవతలే ముక్కు మూసుకుంది.

"వదినె, ఏంది ఆ ఇప్పనూనె కంపు! ఆ చేతులతో నన్ను ముడితే పిల్లను కనకముందే పేగులు కక్కుత."

అత్తకు కోపం రాలేదు. నొప్పులు పడే మనిషి ముక్కు దగ్గరికి పోయే చేతులు కదా అనుకుంది. వాగు ఒడ్డున వట్టివేరు తవ్వింది. తుంగగడ్డలు దంచింది. కచ్చూరాలు ఎండబెట్టి పొడి చేసింది. వట్టివేరు నానేసిన నీళ్ళలో సబ్బు తరుగు వేసి కరిగించి, పొడులు కలిపి మళ్ళీ బొంగుల్లో పోసింది. ఈసారి అమ్మ ఆ బిళ్ళను ముక్కుకు ఆనించుకుని చాలాసేపు ఇవ్వలేదు.

"ఇప్పుడు రావచ్చు," అంది.

నాన్న ఒప్పుకోలేదు. "వాసన మంచిగుంటే చెయ్యి మంచిదైతదా?" అన్నాడు. ముసురు పట్టిన పొద్దున అమ్మకు నొప్పులు మొదలవగానే, వాగవతలి మంత్రసాని కోసం పరుగెత్తాడు. వాగు దాటాడు. తిరిగి వద్దామనేసరికి నీళ్ళు పొంగాయి. అక్కడే, అవతలి ఒడ్డున, ఆ మంత్రసాని పక్కన తడుస్తూ నిలబడిపోయాడు.

ఇక్కడ అమ్మ దడి పట్టుకుని అత్త ఇంటి వైపు అరిచింది.

"వదినె! రా!"

"నీ మొగుడు వద్దన్నడు పిల్లా."

"కనేది ఆయనా, నేనా?"

అత్త వచ్చింది. గోళ్ళు మొదలంటా కోసుకుంది. వేడినీళ్ళు పెట్టుకుని మోచేతుల దాకా సబ్బు రుద్ది కడిగింది. మళ్ళీ రుద్దింది. అమ్మ లోపల మంచం కోడు పట్టుకుని కేకలు.

"ఇంకెంతసేపు రుద్దుతవే తల్లీ!"

"ఊరుకో. తోలు ఊడేదాకా రుద్దుత."

నేను పుట్టాను. బాగానే ఏడ్చానట. బొడ్డు కోసే వెదురు బద్దను కూడా అత్త మరిగే నీళ్ళలో ముంచే తీసింది. అది కాంపౌండరు చెప్పింది కాదు, తనకే తోచింది.

వాగు తీశాక నాన్న వచ్చేసరికి అత్త మా గుమ్మంలో కూర్చుని ఉంది, కడిగిన చేతులు దేనికీ తగలకుండా ఒళ్ళో పైకి పెట్టుకుని. నాన్న బిడ్డను చూశాడు. అక్కతో మాట్లాడలేదు. మాట్లాడే సమయం కూడా కాదు. కాన్పు కావడం కాదు కదా భయం, తర్వాత వచ్చే జ్వరం.

రోజూ పొద్దున అత్త చేతులు రుద్దుకుని వచ్చి అమ్మ నుదురు చూసేది. పాలు పడే రోజున నుదురు వెచ్చగా తగిలింది. అత్త మొహం చూడగానే నాన్నకు అర్థమైంది. ఆయన గొడ్లచావడిలోకి పోయి గడ్డిలో మొహం పెట్టుకున్నాడు. అత్త మళ్ళీ చేతులు కడుక్కుని అమ్మ పక్కనే కూర్చుంది. లక్మే పక్కన కూర్చున్నట్టే కూర్చుంది. సాయంత్రానికి పాలు పడ్డాయి, వేడి దిగింది. అమ్మ గంజి అడిగింది.

పురుటి స్నానం నాడు అత్త అమ్మకు, నాకు ఆ వట్టివేరు సబ్బుతోనే నీళ్ళు పోసింది. నాన్న దూలం మీది పొట్లం దించాడు. అక్క అరచేతిలో ఆకు పరిచాడు. పిడికెడు పోయాలి. ఆయన పొట్లం మొత్తం పెట్టేశాడు.

"ఇంత ఎందుకు తమ్మీ? మీరేం తింటరు?"

"చప్పిడి తింటం. నువ్వు తినలేదా?" అన్నాడు. ఇంకేదో అనబోయాడు. అక్క చేతుల్ని రెండు చేతులతో పట్టుకుని మొహానికి ఆనించుకున్నాడు. అంతకన్నా ఏం చెప్పాలి? నేనైతే ఇంకొంచెం ఏడిపించేదాన్ని. అత్త క్షమించేసింది.

పొట్లం ఇంటికి వచ్చేసరికి అప్పయ్య మామ చింతచిగురు, పప్పు కుండలో వేసి సిద్ధంగా కూర్చున్నాడు. సబ్బు కాచినప్పటి నుంచి నాలుకకు ఉప్పు తగలని మనిషి. పొట్లాన్ని చూడగానే కళ్ళు మెరిశాయి. అత్త ముడి విప్పబోతుంటే దడి దగ్గర అలికిడైంది.

ఆయతు. వానలో తడుస్తూ నిలబడ్డాడు. లక్మే పోయిన తర్వాత ఆ ఇంటి వైపు చూడటం అదే మొదలు.

"కమ్లీకి నెలలు నిండినయ్," అన్నాడు. కమ్లీ అతని చిన్నకోడలు. "నువ్వు వస్తవా?"

అత్త తల ఊపింది. అతను వెళ్ళిపోయాక గూట్లోకి చూసింది. పురుటి గుడ్డలకూ స్నానాలకూ సబ్బు అరిగి అరిగి వేలిగోరంత మిగిలింది. పొయ్యి మీది పప్పును చూసింది, మొగుణ్ణి చూసింది, పొట్లం ముడి మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

మామ లేచి, పప్పుకుండ పొయ్యి మీద నుంచి దించి పక్కన పెట్టాడు. మూలనున్న సబ్బుకుండ తెచ్చి పొయ్యి మీద ఎక్కించాడు. ఇంట్లో మిగిలిన ఇప్పనూనె, తేర్చిన బూడిద నీళ్ళు అందించి, జావ చిక్కబడేదాకా తనే కలిపాడు. అత్త పొట్లం విప్పి, అలవాటు కొద్దీ, మూడు వేళ్ళతో ఉప్పు తీసింది.

"కూరకేసినట్టు గిల్లుతవేందే?" అన్నాడు మామ. "దోసిలి పట్టు."

పొట్లం ఆయనే వంచాడు. ఆ పూట ఇద్దరూ చప్పిడి పప్పే తిన్నారు.